కారు కంపెనీ, కరెంటు కంపెనీ చేతులు కలిపితే మనకేంటి?

షోరూమ్‌లో ఎలక్ట్రిక్ కారు పక్కన ఒక స్టాండీ పెడతారు. దాని మీద రెండు లోగోలు ఉంటాయి. ఒకటి కారు కంపెనీది, రెండోది చార్జర్ బిగించే కంపెనీది. "హోమ్ చార్జర్ సంగతి మొత్తం మావాళ్లే చూసుకుంటారు సార్, మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు నాకు కారు అమ్మిన కుర్రాడు. నేనూ సంతకం పెట్టేశాను. వారం తర్వాత ఎలక్ట్రీషియన్ మా సెల్లార్‌కి వచ్చాడు. మీటర్ల ప్యానెల్ లిఫ్ట్ పక్కన ఉంది, నా పార్కింగ్ ర్యాంపు అవతల ఉంది. వాచ్‌మన్ టేపు ఒక చివర పట్టుకుంటే అతను స్తంభాల మీదుగా కొలుచుకుంటూ వచ్చాడు. 38 మీటర్లు. ఉచితంగా ఇచ్చే కేబుల్ 15 మీటర్లే. మిగతా 23 మీటర్లకు, పైపుకు, క్లాంపులకు విడిగా ఎస్టిమేట్ వేసి చేతిలో పెట్టాడు.

ఆ కాగితం చూశాకే స్టాండీ మీది రెండో లోగో గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ కంపెనీ నాకు ఏమిస్తోంది? కరెంటా, వైరా, యాపా? ఇప్పుడు కొనబోయేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఒకటే. మీ పార్కింగ్ నుంచి మీటర్ దాకా ఎంత దూరమో, మీ ఇంటి బిల్లు ఏ శ్లాబులో ఉందో ముందు చూసుకోండి. లోగోల సంగతి ఆ తర్వాత.

ఆ ఒప్పందంలో కరెంటు ఎవరిది?

టాటా మోటార్స్‌కు టాటా పవర్ ఇంటి మనిషే. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ వచ్చినప్పటి నుంచీ ఈ రెండూ జోడీగానే నడుస్తున్నాయి. ఇంటి దగ్గర చార్జర్ బిగించడం, రోడ్ల మీద ఫాస్ట్ చార్జర్లు పెట్టడం టాటా పవర్ చూసుకుంటుంది. అదే టాటా పవర్ 2020లో ఎంజీతోనూ, 2022లో హ్యుందాయ్‌తోనూ ఒప్పందం చేసుకుంది. హ్యుందాయ్‌తో కుదిరిన దాంట్లో 29 నగరాల్లోని 34 డీలర్ల దగ్గర 60 కిలోవాట్ల చార్జర్లు పెట్టడం ఒక భాగం. ఎంజీ అంతకుముందే, 2019లో, ఫిన్లాండ్ విద్యుత్ కంపెనీ ఫోర్టమ్‌తో కలిసి ఐదు నగరాల్లోని తన షోరూమ్‌ల దగ్గర 50 కిలోవాట్ల చార్జర్లకు పూనుకుంది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. 2023లో ఆ ఫోర్టమ్ చార్జింగ్ వ్యాపారం పేరు గ్లిడాగా మారింది. కారు మీరు ఎనిమిదేళ్లు నడుపుతారు, ఈలోగా చార్జింగ్ భాగస్వామి బోర్డు మారిపోవచ్చు. ఇది గుర్తుపెట్టుకోండి.

టాటా పవర్ గ్రూపు ముంబైలో, ఢిల్లీ ఉత్తర భాగంలో, ఒడిశాలో ఇళ్లకు కరెంటు ఇచ్చి బిల్లు వసూలు చేస్తుంది. అక్కడివాళ్లకు చార్జర్ బిగించేదీ, మీటర్ పెట్టేదీ ఒకే గూటివాళ్లు కావచ్చు. మన దగ్గర అలా కుదరదు. హైదరాబాద్‌లో బిల్లు ఇచ్చేది టీజీఎస్పీడీసీఎల్, వరంగల్ వైపు టీజీఎన్పీడీసీఎల్, విజయవాడలో ఏపీసీపీడీసీఎల్, విశాఖలో ఏపీఈపీడీసీఎల్, తిరుపతిలో ఏపీఎస్పీడీసీఎల్. వీటి రేట్లు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ). ఏ కారు కంపెనీ ఎవరితో చేతులు కలిపినా మీ ఇంటి యూనిట్ రేటు పైసా మారదు. తెలుగు రాష్ట్రాల్లో ఆ రెండో లోగో మీకిచ్చేది బిగింపు పని, ఒక యాప్, బయటి చార్జర్ల దగ్గర కొంత తగ్గింపు. అంతే.

ఇంటి మీటరా, ఈవీ మీటరా?

డబ్బు తేడా తేలేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే కారు అనుకుందాం. గోడ దగ్గర కొలిస్తే సుమారు 180 యూనిట్లు పడుతుంది. చార్జింగ్‌లో పోయే నష్టం కూడా ఇందులోనే వచ్చేసింది. హైదరాబాద్‌లో మీ ఇల్లు ఇప్పటికే 250 యూనిట్లు వాడుతుంటే, కారు వచ్చాక 430 అవుతుంది. ఈ 180 యూనిట్లూ పై శ్లాబుల్లోకే వెళ్తాయి. 50 యూనిట్లు 7.70 చొప్పున, 100 యూనిట్లు 9 రూపాయల చొప్పున, మిగతా 30 యూనిట్లు 9.50 చొప్పున. మొత్తం 1,570 రూపాయలు. సగటున యూనిట్‌కు 8.70 దాటుతుంది.

తెలంగాణలో ఈవీ చార్జింగ్ కేటగిరీ యూనిట్ రేటు 6 రూపాయలు. విడిగా ఈవీ మీటర్ పెట్టించుకుంటే అదే 180 యూనిట్లకు 1,080. నెలకు 490 మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఆ కనెక్షన్‌కు లోడ్‌ను బట్టి ఫిక్స్‌డ్ చార్జీ ఉంటుంది. కిలోవాట్‌కు 50 రూపాయలు అనుకుని లెక్క వేసి చూడండి. 8 కిలోవాట్ల కనెక్షన్‌కు 400 పోతుంది, మీకు మిగిలేది 90 రూపాయలు. అదే 4 కిలోవాట్లతో సరిపెట్టుకుంటే 290 మిగులుతుంది. అంటే ఈవీ మీటర్ లాభం దాని మీద మీరు అడిగే లోడ్‌ను బట్టి ఉంటుంది. ఈ మాట నాకు షోరూమ్‌లో ఎవరూ చెప్పలేదు.

ఇక కరెంటు తక్కువ వాడే ఇల్లయితే కథ వేరు. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటగానే బిల్లు మొదటి యూనిట్ నుంచే వేరే లెక్కలోకి వెళ్తుంది. 180 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 724 రూపాయలు వస్తుంది. కారు కలిసి 360 అయితే అది 2,330. కారు వల్ల పెరిగింది 1,606. చిన్న కుటుంబానికే విడి మీటర్ ఎక్కువ ఉపయోగం అన్నమాట. ఎలక్ట్రిక్ స్కూటర్ వాళ్లకు కూడా ఒక మాట: గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే, స్కూటర్ వల్ల 200 దాటుతుందేమో ప్రతి నెలా ఒక కన్నేసి ఉంచండి.

మా అన్నయ్యది విజయవాడలో సొంతిల్లు. మీటర్ గేటు పక్కనే, కారు దాని ముందే. ఆరు మీటర్ల వైరుతో పని అయిపోయింది. ఆయన ఇల్లు 250 యూనిట్లు వాడుతుంది. ఆంధ్రప్రదేశ్ శ్లాబుల్లో 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. కారు తినే 180 యూనిట్లకు ఇంటి మీటర్ మీద 1,605 అవుతుంది. ఈవీ కేటగిరీలో 6.70 చొప్పున అయితే 1,206. "నాలుగొందల కోసం ఇంకో మీటర్, ఇంకో బిల్లు, ఇంకో తలనొప్పి ఎందుకురా" అని ఆయన ఇంటి మీటర్ మీదే పెట్టుకున్నాడు. పైగా మేడ మీద సోలార్ పెట్టించే ఆలోచనలో ఉన్నాడు. సోలార్‌కు నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పంపి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) ఉన్న ఇంట్లో కారును విడి మీటర్ మీదకు పంపితే, మన పలకల కరెంటు ఉండగా బయట కొనుక్కున్నట్టే. ఆయన చేసింది సబబే.

అపార్ట్‌మెంట్‌లో విడి మీటర్ ఇస్తారా అని చాలామంది అడుగుతారు. అడిగితే ఇవ్వాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి ఈవీకి వేరే కనెక్షన్ కోరుకునే వీలు కల్పించింది. కొత్త కనెక్షన్ గడువును మహానగరాల్లో మూడు రోజులకు, మున్సిపల్ ప్రాంతాల్లో ఏడు రోజులకు కుదించింది. నాకు అసలు సమయం పట్టింది అసోసియేషన్ దగ్గర. "అందరూ ఇలా వైర్లు లాగితే సెల్లార్ ఏమైపోతుందండీ?" అన్నారు మా ప్రెసిడెంట్ గారు. ఆయన మాటా తప్పు కాదు. చివరికి గోడ వెంట ఒక కేబుల్ ట్రే వేసి, తర్వాత కొనేవాళ్లంతా అందులోంచే లాగాలని తీర్మానం రాసుకున్నాం. దానికి మూడు వారాలు పట్టింది.

పెద్ద చార్జర్ నిజంగా కావాలా?

కారు కంపెనీ, దాని భాగస్వామి కలిసి ఎక్కువగా ముందుకు తోసేది 7.2 కిలోవాట్ల గోడ చార్జర్‌ను. కొన్నిచోట్ల అది కారు ధరలోనే కలిసి ఉంటుంది. మహీంద్రా 2024 నవంబర్‌లో బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ తెచ్చింది, వాటి చార్జర్‌కు విడిగా ధర పెట్టింది, 7.2 కిలోవాట్లది 50 వేలు, 11.2 కిలోవాట్లది 75 వేలు. అలా విడిగా ధర కనిపించడమే నయం. ధరలో కలిపేస్తే అది ఉచితం అనుకుంటాం.

7.2 కిలోవాట్ల చార్జర్ 30 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దానికి మందమైన కేబుల్, విడి ఎంసీబీ (లోడ్ మించితే ఆపేసే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగ్ ఉండాలి. చాలా ఫ్లాట్లకు లోడ్ కూడా పెంచుకోవాలి. 11 కిలోవాట్లది అయితే త్రీ ఫేజ్ లేకుండా పని జరగదు. ఇక 15 ఆంప్స్ సాకెట్‌కు పెట్టే 3.3 కిలోవాట్ల చార్జర్ రాత్రి ఎనిమిది గంటల్లో 26 యూనిట్ల దాకా ఎక్కిస్తుంది, అంటే దాదాపు 170 కిలోమీటర్లు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకు రోజుకు రెండు మూడు గంటలు పెడితే సరిపోతుంది. మా సెల్లార్‌లో నాలుగు ఎలక్ట్రిక్ కార్లు ఉన్నాయి. పెద్ద చార్జర్ నిజంగా వాడేది రోజుకు 120 కిలోమీటర్లు తిరిగే ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ మాత్రమే. మిగతా ముగ్గురం, నాతో సహా, అవసరం లేని వేగానికి డబ్బు పెట్టాం.

నన్నడిగితే నెలకు 1,500 కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు, ఫ్లాట్‌లో ఉంటే, చిన్న చార్జర్‌ను తక్కువ లోడ్ ఈవీ మీటర్‌కు పెట్టుకోవడం మేలు. సొంతిల్లు ఉండి మీటర్ దగ్గరగా ఉంటే ఇంటి మీటరే చాలు. పెద్ద బ్యాటరీ కారు, అంటే 60, 79 యూనిట్ల బాపతు, కొని తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు పెద్ద చార్జర్ దండగ కాదు. రాత్రి పదకొండుకు ఊరి నుంచి వచ్చి తెల్లవారి ఆరుకు మళ్లీ బయల్దేరే వాళ్లకు దాని విలువ తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త చెప్తాను. 15 ఆంప్స్ సాకెట్ అన్నానని గీజర్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగకండి. గంటల తరబడి అదే కరెంటు పారుతుంది, బోర్డు వేడెక్కి కరిగిపోతుంది. కారు కోసం విడి లైను, విడి ఎర్తింగ్ ఉండాల్సిందే.

అందరికీ కలిపి ఒక చార్జర్

విడి మీటర్లకు చోటు లేని పాత అపార్ట్‌మెంట్లలో ఒకే చార్జర్ పెట్టి అందరూ యాప్‌తో వాడుకునే పద్ధతి ఉంది. ఎంజీ ఇలాంటి చార్జర్లు వెయ్యింటిని వెయ్యి రోజుల్లో నివాస ప్రాంతాల్లో పెడతామని 2022లో ప్రకటించింది. పెట్టుబడి వాళ్లది కావడం అసోసియేషన్‌కు ఊరట. అయితే ఇలాంటి వాటిలో యూనిట్‌కు ఎంత అన్నది నడిపే సంస్థ చెప్పిందే రేటు. దీనికి కారణం 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన వివరణ. కారుకు చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కిందకు రాదు, అదొక సేవ, దానికి లైసెన్సు అక్కర్లేదు అని చెప్పింది. ఆ వివరణ వల్లే ఇన్ని చార్జింగ్ కంపెనీలు పుట్టాయి, మంచిదే. సేవ కాబట్టి 18 శాతం జీఎస్టీ కూడా దాంతోపాటే వచ్చింది. రెండు మూడు కార్లున్న బిల్డింగ్‌కు ఇది చాలు. పది కార్లయితే రాత్రి పదికి వాట్సాప్ గ్రూపులో గొడవ ఖాయం.

బయటి చార్జర్ల తగ్గింపులు

బుకింగ్ వేళ ఎక్కువమందిని ఆకట్టుకునేవి ఇవే. ఎంజీ విండ్సర్ 2024లో వచ్చినప్పుడు ఏడాది పాటు బయటి చార్జింగ్ ఉచితం అన్నారు. టాటా 2025 ఫిబ్రవరిలో టాటా పవర్, చార్జ్‌జోన్, స్టాటిక్, జియాన్ సంస్థలతో కలిసి 500 మెగా చార్జర్లు పెడతామని, టాటా ఈవీలకు అక్కడ 25 శాతం దాకా తగ్గింపు ఉంటుందని చెప్పింది.

సగటున యూనిట్‌కు 20 రూపాయలు వేసుకోండి. నెల మొత్తం బయటే పెడితే 180 యూనిట్లకు 3,600, జీఎస్టీ విడిగా వేస్తే 4,248. పాతిక శాతం తగ్గించినా ఇంటి కరెంటుకు రెట్టింపు. పార్కింగ్‌లో ప్లగ్ దొరకనివాళ్లు తప్ప వీటి మీద ఆధారపడి కారు ఎంచుకోకూడదు.

హైవే ప్రయాణానికి మాత్రం బయటి చార్జర్ల అసలు విషయం ఎన్ని కంపెనీలవి దారిలో ఉన్నాయన్నది. అదృష్టవశాత్తూ ఫాస్ట్ చార్జింగ్ ఉన్న మన కార్లలో ఇప్పుడు దాదాపు అన్నిటికీ ప్లగ్ సీసీఎస్2 రకమే. టాటా కారు ఎవరి చార్జర్ దగ్గరైనా పెట్టుకోవచ్చు, మహీంద్రా కారు టాటా పవర్ దగ్గర పెట్టుకోవచ్చు. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్ల దారి. సంక్రాంతికి వెళ్లేటప్పుడు ఒకే యాప్ పట్టుకుని బయల్దేరితే సూర్యాపేట దగ్గర క్యూలో నిలబడాల్సి వస్తుంది. ఫోన్‌లో కనీసం మూడు యాప్‌లు, ఒక్కోదాంట్లో ఐదొందలు ఉంచుకోండి. ఇంకో సంగతి ఏమిటంటే, కేంద్రం 2024 మార్గదర్శకాల్లో బయటి చార్జర్లకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు చౌకగా, మిగతా వేళల్లో ఎక్కువకు ఇవ్వాలని ఉంది. అందుకని యాప్‌లో పగటి రేటు, రాత్రి రేటు వేరుగా ఉన్నాయేమో చూసి బయల్దేరే వేళ పెట్టుకోండి.

అమెరికాలో, లండన్‌లో ఉన్నవాళ్లకు

అక్కడ ఈ జోడీ చేసే పనే వేరు. మన దగ్గర భాగస్వామి వైరు బిగించి వెళ్లిపోతాడు. అక్కడ మీ కారు ఏ గంటలో చార్జ్ కావాలో చెప్పే హక్కు కొంటాడు.

కాలిఫోర్నియా బే ఏరియాలో 2015లో బీఎండబ్ల్యూ, అక్కడి కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ కలిసి సుమారు వందమంది ఐ3 ఓనర్లతో ఒక ప్రయోగం చేశాయి. గ్రిడ్ మీద ఒత్తిడి ఉన్నప్పుడు చార్జింగ్‌ను గంట దాకా వాయిదా వేసుకోనిస్తే మొదట్లోనే వెయ్యి డాలర్లు ఇచ్చారు. దాని తర్వాతి అడుగే 2023లో బీఎండబ్ల్యూ, ఫోర్డ్, హోండా కలిసి ప్రకటించిన చార్జ్‌స్కేప్. తర్వాత నిస్సాన్ కూడా చేరింది. కారు కంపెనీల డేటాను కరెంటు కంపెనీలకు కలిపే సంస్థ అది. ఫ్రీమాంట్‌లో ఉండే మా బావమరిది దీంట్లో చేరాలా అని అడిగితే, ముందు రేట్ ప్లాన్ మార్చుకోమన్నాను. పీజీ అండ్ ఈ ఈవీ ప్లాన్‌లో సాయంత్రం 4 నుంచి 9 దాకా రేటు మండిపోతుంది, అర్ధరాత్రి తర్వాత దిగుతుంది. కారులో టైమర్ పెట్టుకుంటేనే సగం లాభం వచ్చేస్తుంది. పైన వచ్చే ప్రోత్సాహం కోసం చేరేటట్టయితే, పొద్దున బ్యాటరీ కనీసం ఇంత ఉండాలని మనం చెప్పే వీలుందా, అర్జెంటుగా కావాలంటే వాళ్ల ఆదేశాన్ని ఎన్నిసార్లు కాదనవచ్చు అన్నవి చూసుకోవాలి.

డల్లాస్ వైపు చాలాచోట్ల కరెంటు అమ్మే కంపెనీని మనమే ఎంచుకోవచ్చు. టెస్లా 2022 నుంచి అక్కడ తానే రిటైలర్ అయింది, కారు కంపెనీయే కరెంటు కంపెనీ. అయితే ఫ్రిస్కోలో కొన్ని కాలనీలకు కోసర్వ్ అనే కోఆపరేటివ్ కరెంటు ఇస్తుంది, ఆస్టిన్‌లో సిటీదే కరెంటు. అక్కడ ఎంపిక ఉండదు. కారు చూసి మురిసిపోయే ముందు మీ ఇల్లు ఎవరి పరిధిలో ఉందో చూడండి.

బ్రిటన్‌లో కరెంటు కంపెనీ ఆక్టోపస్, కారు కంపెనీ బీవైడీ 2025లో ఇంకో మెట్టెక్కాయి. కారు లీజు, రెండు వైపులా కరెంటు పంపగల చార్జర్, ఇంటి చార్జింగ్, అన్నీ కలిపి నెలకు దాదాపు 300 పౌండ్లు. కారు నుంచి గ్రిడ్‌కు కరెంటు తీసుకుని మళ్లీ నింపుతారు. కారును ఎక్కువ సమయం ఇంటి దగ్గరే ప్లగ్‌లో ఉంచేవాళ్లకు ఇది బాగుంటుంది. వీధిలో పార్క్ చేసుకునే లండన్ వాళ్లకు పనికిరాదు.

సంతకం ముందు

మళ్లీ మన షోరూమ్‌కి వద్దాం. బుకింగ్ ఫారం మీదే రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉచిత కేబుల్ ఎన్ని మీటర్లు, ఆపైన మీటరుకు ఎంత. పైపు, ఎర్తింగ్ గుంత, ఎంసీబీ అందులో ఉన్నాయా. లోడ్ పెంచాల్సి వస్తే కరెంటు ఆఫీసు డబ్బు, తిరగడం ఎవరి మీద. చార్జర్ వద్దంటే ధరలో ఎంత తగ్గిస్తారు. ఇల్లు మారితే ఊడదీసి బిగించడానికి ఎంత. నోటితో "అయిపోతుంది సార్" అంటే వినకండి, రాసి ముద్ర వేయమనండి. వీలైతే బుకింగ్‌కు ముందే వాచ్‌మన్‌ను పిలిచి టేపు పట్టించండి.

నా ఫారంలోనూ "కేబుల్ పొడవు" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉందని కారు ఇంటికొచ్చాక చూశాను.